లాంగ్ ప్రెస్ మధ్యలో రెండు ట్యాపులు

దెయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. నా తెలివితక్కువతనం మీద మాత్రం పూర్తి నమ్మకం ఉంది; దానికి ఆధారాలున్నాయి. ముందు అదే చెబుతాను. మా ఆవిడ సత్యవతి చివరిసారి నా భుజం తట్టినప్పుడు నేను వెనక్కి తిరగలేదు. ఆవిడ తట్టింది, నాకే ఏమీ తట్టలేదు.

మాది బిలాస్‌పూర్‌లో తార్‌బహార్ పేట. తాత శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే డ్యూటీకి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను ఇంట్లోనే కూర్చుని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి మాన్యువల్స్ రాస్తాను. అంటే, ఎవరూ చదవని పుస్తకాలకు రచయితను.

ఈమధ్య రాసింది ఒక టూల్ గురించి. ఫోన్ తెర మీద వేలు ఎక్కడ తాకింది, ఎంతసేపు నొక్కింది, ఎటు జరిగింది, అన్నీ అది రికార్డు చేసుకుంటుంది. తర్వాత మనిషి వేలు లేకుండానే అదే పని మళ్లీ చేసి చూపిస్తుంది. యాప్‌లను పరీక్షించేవాళ్లకు పనికొస్తుంది.

సత్యవతి రైల్వే పార్శిల్ ఆఫీసులో పనిచేసేది. నా మాన్యువల్స్‌కు మొదటి పాఠకురాలు, బహుశా ఏకైక పాఠకురాలు కూడా. నేను రాసినట్టే ఫోన్ మీద చేసి చూసేది. తను తప్పు చేస్తే నా వాక్యం తప్పని లెక్క.

ఒక్క అలవాటు మాత్రం మారలేదు. ఒకసారి ట్యాప్ చేయమంటే రెండుసార్లు చేసేది. టక్, టక్. గేటైనా, గ్యాస్ సిలిండరైనా, నా భుజమైనా అంతే. ఎప్పుడో కూరలు తరుగుతుంటే తెగిన చూపుడువేలు సరిగా వంగక మధ్యవేలితో కొట్టేది. అందుకని ఆ దెబ్బ బటన్ మీద కాకుండా కాస్త కింద పడేది.

వేళాకోళానికి మాన్యువల్‌లో ఒక గమనిక పెట్టాను. కొందరు అలవాటుగా రెండుసార్లు ట్యాప్ చేస్తారు, అనవసరమైనవి తొలగించండి అని.

"ఏటండీ, ఆ కొందరు నేనేనా? పేరెట్టీసి రాయండి, భయమేటి?" అంది.

ఆ చివరి రోజు తనకు సెలవు. మధ్యాహ్నం నేను లాంగ్ ప్రెస్ పేజీ రాస్తున్నాను. అంటే బటన్ మీద వేలు తీయకుండా రెండు సెకన్లు ఉంచడం. ఆ పేజీ ఆ రోజే కావాలని మేనేజర్ పొద్దుటి నుంచి మూడుసార్లు ఫోన్ చేశాడు.

వెనకనుంచి భుజం మీద టక్, టక్.

"రెండు నిమిషాలు ఆగు, అయిపోతుంది" అన్నాను, తిరగకుండానే.

"అచ్ఛా, కానీండి" అంది.

గొంతులో ఏమైనా తేడా ఉందా అని ఆ రెండు మాటలూ ఇప్పటికీ గుర్తుచేసుకుంటూ ఉంటాను.

నేను లేచేసరికి నలభై నిమిషాలైంది. తను వంటగది గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆసుపత్రిలో గుండెపోటు అన్నారు. కాస్త ముందు తీసుకొచ్చి ఉంటే బతికేదా అని అడిగాను. "చెప్పలేం" అన్నాడు డాక్టరు. బతుకంతా వాక్యాలు దిద్దినవాణ్ని, ఆ ఒక్క మాటను ఎటూ దిద్దుకోలేకపోయాను.

నెల తర్వాత మళ్లీ ఆ పేజీ ముందు కూర్చున్నాను. కంపెనీ కొత్త ఫోన్ పంపింది. సత్యవతి దాన్ని చూడనైనా లేదు. నేనే బటన్‌ను రెండు సెకన్లు నొక్కి రికార్డు చేసి, నడిపించాను. నొక్కుడు సగంలో ఉండగా తెర మీద రెండు చుక్కలు మెరిశాయి. టక్, టక్. బటన్‌కు కాస్త కింద. లాంగ్ ప్రెస్ ఆగిపోయింది. పక్కన టూల్ చూపే జాబితాలో నా నొక్కుడు ఒక వరుస, దాని కింద నేను చేయనివి రెండు వరుసలు.

ఆ రికార్డింగే తీసేసి కొత్తగా చేశాను. తెర తుడిచాను. కేబుల్ మార్చాను. ఫోనే మార్చాను. మిగతా ఉదాహరణలన్నీ సరిగ్గా నడిచాయి. ఈ ఒక్క పేజీలోనే, ప్రతిసారీ, ఆ రెండూ.

మా బావమరిది రాంబాబు లోకోషెడ్‌లో ఎలక్ట్రీషియన్. కంటికి కనపడని వాటిలో కరెంటును తప్ప దేన్నీ నమ్మడు. "కేబులు లూజై ఉంటాది బావా" అంటూ కూర్చుని ఐదుసార్లు నడిపించాడు. "అక్క మా గేటు కూడా ఇలాగే కొట్టీది" అని, పెట్టిన టీ తాగకుండానే వెళ్లిపోయాడు.

మేనేజర్‌కు చెబితే, "అనవసరమైనవి తొలగించే పద్ధతి రాసింది మీరే కదా, తొలగించి పంపండి" అన్నాడు. నిజమే. రెండు వరుసలూ ఎంచుకున్నాను. తొలగించాలా అని టూల్ అడిగింది. నేను నొక్కలేదు.

దానికి బదులు, తను భుజం తట్టిన రోజు చేయాల్సిన పని చేశాను. కుర్చీలో వెనక్కి తిరిగాను.

"ఏటి సత్యా?" అన్నాను, పైకే.

ఎవరూ లేరు. వంటగది గోడ, దాని మీద మధ్యాహ్నపు ఎండ.

మళ్లీ తెర వైపు తిరిగేసరికి జాబితాలో నా ఒక్క వరుసే ఉంది. నేను తొలగించలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు నడిపినా లాంగ్ ప్రెస్ చివరిదాకా సాఫీగా సాగింది. తప్పింది కేబులో, నా మతో, ఇంకేమిటో ఇప్పటికీ చెప్పలేను. ఈసారి కూడా తిరగకుండా ఉంటే ఇంకా కొడుతూనే ఉండేదేమో అనిపిస్తుంది. పాత తెలివితక్కువతనానికి ఇది కొత్త ఎడిషన్.

మేనేజర్ మీద మాత్రం చిన్న పగ తీర్చుకున్నాను. ఆయన ఏ పేజీనీ చివరిదాకా చదవడని నాకు తెలుసు. పాత గమనిక తీసేసి, లాంగ్ ప్రెస్ పేజీ అట్టడుగున కొత్తది పెట్టాను. బాగుందని ఆమోదించి పంపేశాడు. ఆ టూల్ వాడేవాళ్లందరి దగ్గరా ఇప్పుడది ఉంది. తను అడిగినట్టే, పేరు పెట్టి రాశాను:

"మధ్యలో రెండు ట్యాపులు వస్తే అది సత్యవతి. తొలగించకండి. చేస్తున్న పని ఆపి, వెనక్కి తిరగండి."