అయ్యగారుంటేనే వాన

సంఘం ఎలా పెరుగుతుందో నాలుగు మాటలు చెప్పమని ఇప్పటికీ నన్ను సభలకు పిలుస్తుంటారు. పాస్టరు భార్యను కదా, ఏవో మంచి అనుభవాలు చెబుతానని వాళ్ల ఆశ. నేను వెళ్లను. నా కళ్ల ముందు ఒక సంఘం పెరిగింది. అది పెరిగిన తీరు చూసి అందరూ దేవునికి స్తోత్రం చెప్పారు. నాకు మాత్రం భయం వేసింది. ఆ భయం ఉత్తది కాదు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మాది ప్రొద్దుటూరు. టీచరు ట్రైనింగు అవగానే నాకు పెళ్లి చేశారు. మొదట జమ్మలమడుగులో కాపురం. తొలికాన్పులో బిడ్డ అడ్డం తిరిగింది. ఆసుపత్రిలో కడుపు కోసి తీశారు గానీ బిడ్డ దక్కలేదు. ఇంటికి పంపేరోజు డాక్టరమ్మ నా పక్కన కూర్చుని, ఇంకోసారి నెల తప్పితే మంత్రసానులను నమ్ముకోవద్దని, ఎనిమిదో నెల పడగానే వచ్చి ఆసుపత్రిలోనే ఉండిపోవాలని చెప్పింది. నొప్పులు మొదలయ్యాక బయలుదేరితే బిడ్డే కాదు, నేనూ మిగలనని కూడా చెప్పింది. ఆమె మాటలు మెత్తగా చెప్పే మనిషి కాదు. అందుకే నాకు బాగా గుర్తుండిపోయింది.

తర్వాత ఆయనను పులివెందుల వైపు ఒక పల్లెకు వేశారు. పులివెందుల నుంచి ముద్దనూరు పోయే బస్సు దారిలో దిగి, ఆరేడు మైళ్లు ఎద్దులబండిలో పోవాలి. నడుమ ఒక వంక. ఎండాకాలంలో అందులో ఇసుక తప్ప ఏమీ ఉండదు. గట్టి వాన పడితే మటుకు రెండు మూడు రోజులు ఎవరూ దాటలేరు. చుట్టూ నల్లరేగడి. తడిసిందంటే బండి చక్రం ఇరుసు దాకా దిగిపోతుంది. మాలపల్లెలో నాపరాళ్లు కప్పిన ఒక గది ఉండేది. వారమంతా అది బడి, ఆదివారం గుడి. బడికి నేను, గుడికి ఆయన. మేం పోయేనాటికి సంఘమంటే ఏడెనిమిది ఇళ్లవాళ్లు.

మేం పోయిన ఏడు వానల్లేవు. ఆ పల్లెలో వాన అంటే కూడు. తడిసి నేల పదునైతే రెడ్ల చేలల్లో పని దొరుకుతుంది, కూలిగింజలు ఇంటికొస్తాయి. లేకపోతే పిల్లల్ని చంకనేసుకుని దేశాలు పట్టిపోవాలి. ఊళ్లోవాళ్లు కప్పను రోకలికి కట్టి ఇల్లిల్లూ తిప్పారు, భజనలు చేశారు. చివరికి మా సంఘపెద్ద, నెత్తి నెరిసిన మనిషి, వచ్చి వాకిట్లో కూర్చున్నాడు. "అయ్యగారూ, ఎవురి దేవుణ్ని వాళ్లు అడుగుతాండారు. మీరు గూడా మన దేవుణ్ని ఒక మాట అడిగి సూడండి" అన్నాడు.

ఆయన ఉపవాసముండి ప్రార్థన చేశారు. మూడోనాటి సాయంత్రం వాన పడింది.

ఆ తర్వాత జరిగిందాన్నే సంఘం పెరగడం అంటారు. పల్లె పల్లెంతా బాప్తిస్మానికి వచ్చింది. పక్క ఊరి పల్లెవాళ్లు కూడా వచ్చారు. గది నిండి వసారా, వసారా నిండి వాకిలి. జమ్మలమడుగు నుంచి పాస్టర్లందరి మీద ఉండే పెద్ద అయ్యగారు వచ్చి చూసి, సంబరపడి, కోడికూర తిని, ప్రొద్దుటూరులో పాస్టర్ల కూడిక ఉందని, సంఘాన్ని ఎలా పెంచిందీ అక్కడ లేచి చెప్పాలని ఆయనకు ఆజ్ఞ వేసి పోయారు. ఆయన నా దగ్గరికి వచ్చి, "ఏం చెప్పేది? వాన పడిందని చెప్పేదా?" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆయన ప్రొద్దుటూరు పోయిన నాలుగు రోజులూ వడగాలి కొట్టింది. మొలకెత్తిన వేరుశనగ తలలు వాల్చేసింది. ఆయన బండి దిగిన సాయంత్రం మబ్బు పట్టి నాలుగు చినుకులు రాలాయి. వాకిట్లో ఉన్న ఆడవాళ్లు ముందు మబ్బు వైపు, తర్వాత ఆయన వైపు చూశారు.  

ఆ రోజు నుంచి మా వసారాలో ఎవరో ఒకరు పడుకోవడం మొదలుపెట్టారు. ఎందుకని అడిగితే, "అయ్యగారికి తోడు" అనేవారు. పొద్దున లేచేసరికి గడప దగ్గర పాలు, గుడ్లు ఉండేవి. వాళ్ల పిల్లలు గంజి తాగుతున్నారని నాకు తెలుసు. వద్దంటే బాధపడేవారు. వాళ్ల ప్రేమలో కల్తీ లేదు, ఆ మాట నేను ఎక్కడైనా చెబుతాను. కానీ ఆయన పులివెందుల సంతకు పోవాలన్నా ఇద్దరు మనుషులు వెంట పోయి, వెంట తీసుకొచ్చేవారు.

ఆయనకు విషయం అర్థమై, ఒక ఆదివారం గట్టిగానే చెప్పారు. వాన తన చేతిలో లేదని, తనూ అందరిలాంటి మనిషేనని, తను ఉన్నా పోయినా దేవుడు అక్కడే ఉంటాడని. అందరూ తలలు ఊపారు. ఆరాధన అయ్యాక ఒక ముసలామె నా చెయ్యి పట్టుకుని, "పెద్దోళ్లు అట్లనే అంటార్లేమ్మా" అంది. ఆయన కాదన్నకొద్దీ వాళ్ల నమ్మకం గట్టిపడింది. అలాంటి నమ్మకాన్ని ఏం చేయాలో ఆయన చదువుకున్న చదువులో లేదు.

మరుసటి ఏడు నేను నెల తప్పాను. ఆ ఏడు కూడా వాన మొహం చాటేసింది. ఏరువాక దాటిపోయింది, దున్నే మడకలు మూలన పడ్డాయి. నాకు ఎనిమిదో నెల దగ్గరపడింది. జమ్మలమడుగు పోవాలి, బండి కావాలని ఆయన సంఘపెద్దను అడిగారు. బండి ఇరుసు విరిగిందన్నాడు. ఇంకొకరిని అడిగితే ఎద్దు కుంటుతోందన్నాడు. మర్నాడు అదే ఎద్దు చొప్పబండి లాగుతూ మా వాకిలి ముందు నుంచే పోయింది. ఊళ్లో పెద్దరెడ్డి దగ్గరికి పోతే అతను కుర్చీ వేయించి, మజ్జిగ ఇప్పించి, "మా సేన్లు గూడా ఎండుతాండాయి గదా, అయ్యగారూ" అన్నాడు. బండి మాత్రం ఇవ్వలేదు.

అసలు సంగతి బావి దగ్గర తెలిసింది. నా దగ్గర అక్షరాలు నేర్చుకుంటున్న ఒక పిల్లాడి తల్లి, చేద లాగుతూ, నా మొహం చూడకుండానే చెప్పింది.

"అమ్మగారూ, మీరు ఎవుర్నీ అడగాకండి. బండి ఎవురూ కట్టరు. మిమ్మల్ని పంపిస్తే అయ్యగారు మీ ఎనకాలే పోతాడని మాట్లాడుకున్యారు."

"నేను సస్తేనో?"

"మంత్రసాని ఉండాది గదా అంటాండారు" అని, నా బిందె నింపి, పైకెత్తి చంకకు అందించింది. నీళ్లు అడుగంటిన ఆ రోజుల్లో కూడా ముందు నా బిందే నింపేవాళ్లు.

ఇంటికి పోయి ఆయనతో చెప్పాను. నడిచే పోదాం అన్నారు. మర్నాడు తెల్లవారగానే ఒక మూట కట్టుకుని బయలుదేరాం. పల్లె దాటాక వెనక్కి చూస్తే నలుగురైదుగురు మగవాళ్లు వస్తున్నారు. తొందరేమీ లేదు వాళ్లకు. మెల్లగా వచ్చి, కలిసి, మా పక్కనే నడిచారు. దారిలో ముళ్లుంటే ముందుపోయి తీసేశారు. వంక దగ్గరికి చేరాక సంఘపెద్ద ఇసుకలో మాకు అడ్డంగా కూర్చున్నాడు. మిగతావాళ్లూ కూర్చున్నారు. ఒకతను నా చేతిలోంచి మూట తీసుకుని తన నెత్తిన పెట్టుకున్నాడు.

"ఎండెక్కతాండాది అయ్యగారూ. అమ్మకు మంచిది గాదు. ఎనక్కి పోదాం పాండి" అన్నాడు సంఘపెద్ద. గొంతులో కోపం లేదు, బెదిరింపు లేదు. పశువును మళ్లించినట్టు మమ్మల్ని మళ్లించుకుని వచ్చారు. ఆయన ఒక్క మాట ఎదురు చెప్పలేదు. నాకు వాళ్ల మీద కంటే ఆయన మీదే ఎక్కువ మండింది.

"సంఘాన్ని పెంచుకున్నారు కదా, ఇప్పుడు వాళ్లే మనల్ని పెంచుకుంటున్నారు" అన్నాను ఇంటికొచ్చాక. ఆయన తల వంచుకుని, "నేను వాళ్లకు అట్ల నేర్పలేదు" అన్నారు. నేర్పలేదు, నిజమే. నేర్పకుండానే నేర్చుకున్నారు.

ఆ సాయంత్రం కడుపులో బిడ్డ కదలిక తెలిసినప్పుడు నాకు ఏడుపు వచ్చింది. మంత్రసాని అప్పుడే వచ్చి, కడుపు తడిమి చూసి, "తల పైకుండాది. ఏం గాదులే, తిప్పుకుందాం" అని పోయింది. అప్పుడు నేను మోకాళ్లూని ప్రార్థన చేశాను. వాన పడకూడదని చేశాను. వాన పడితే వంక పారుతుంది, రేగడి దిగబడుతుంది, ఇక బండి దొరికినా నేను పోలేను. నేను దాటేవరకు ఒక్క చినుకు రాలనివ్వద్దని అడిగాను. ఆ రోజు నుంచి ప్రతిరోజూ అడిగాను. తల్లినైనందుకు అడిగాను, అందులో సిగ్గుపడాల్సిందేమీ నాకు ఇప్పటికీ కనబడదు.

తర్వాతి ఆదివారం గది కిక్కిరిసింది. వాన కోసం ప్రార్థిద్దాం, లేచి నిలబడండి అన్నారు ఆయన. అందరూ లేచారు. నేను లేవలేదు. కడుపుతో ఉంది కదా అనుకుని ఎవరూ పట్టించుకోలేదు. అప్పుడు నేనే మాట్లాడాను.

"నేను గూడా దినామూ ప్రార్థన చేస్తాండా. వాన పడగూడదని చేస్తాండా. వంక పారితే నేను ఆసుపత్రికి పోలేను. నన్ను ఈడ పెట్టుకున్నన్ని దినాలూ ఇట్లనే అడుగుతా. మీ అయ్యగారి మాట ఇంటాడో, నా మాట ఇంటాడో ఆ దేవుని ఇష్టం."

 బావి దగ్గర నాకు నిజం చెప్పిన ఆ తల్లి, తన పిల్లాడి మొహాన్ని కొంగుతో కప్పి వెనక్కి లాక్కుంది. వాడికి నేను అక్షరాలు దిద్దించాను. అప్పుడు తెలిసింది నాకు, నేను ఎలాంటి మాట అన్నానో. వాళ్లు నన్ను ఏమైనా చేయవచ్చు అనిపించింది. 

ఏమీ చేయలేదు. పొద్దు నడినెత్తికి రాకముందే మా వాకిట్లో బండి నిలబడింది. ఇరుసు బాగానే ఉంది. ఎద్దులు రెండూ బాగానే ఉన్నాయి. చొప్ప పరిచి, పైన బొంత వేశారు. కానీ ఎక్కడానికి ఎవరూ చెయ్యి ఇవ్వలేదు. రోజూ వచ్చి నా కాళ్లు పిసికే ఆ ముసలామె కూడా దూరంగా నిలబడింది. నేను ఎక్కాక ఆయన ఎక్కబోయారు. సంఘపెద్ద ఆయన భుజం మీద చెయ్యి వేసి, "మీరు ఉండండయ్యగారూ" అన్నాడు.

ఆయన నా వైపు చూశారు. కాలు కిందికి దించారు.

బండి తోలిన మనిషి బస్సు దారి వచ్చేవరకు ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు చేరేసరికి దీపాలు పెట్టారు. డాక్టరమ్మ నన్ను చూసి తిట్టింది, తర్వాత మంచం చూపించింది. మర్నాడు సాయంత్రం ఆసుపత్రి పెంకుల మీద వాన మొదలైంది. అందరూ కిటికీల దగ్గరికి పరుగెత్తారు. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఆ పల్లెలో ఆ క్షణాన నా గురించి ఏమనుకుంటున్నారో నాకు చెప్పేవాళ్లు అక్కర్లేదు.

నెలలు నిండాక మళ్లీ కడుపు కోశారు. ప్రొద్దుటూరు నుంచి మా అన్న వచ్చి సంతకం పెట్టాడు. ఈసారి బిడ్డ దక్కింది, ఆడపిల్ల. గట్టిగా ఏడ్చింది.

ఆయన బిడ్డ పుట్టిన వారానికి వచ్చారు. వానలు కుదురుకున్నాయి కదా, పల్లెవాళ్లే బండి కట్టి పంపారట. కొర్రలు, ఒక కోడి, బిడ్డకు మెత్తటి గుడ్డలు ఇచ్చి పంపారు. చేలు పచ్చగా ఉన్నాయని, ఇంకో రెండు పల్లెలవాళ్లు బాప్తిస్మానికి సిద్ధమయ్యారని ఆయన చెప్పారు. నువ్వు కొన్నాళ్లు ఇక్కడే ఉండడం మంచిదని కూడా అన్నారు.

"ఆ మాట ఎవరన్నారు?" అని అడిగాను.

ఆయన బిడ్డను ఎత్తుకుని కాసేపు అటూ ఇటూ తిరిగారు. కిటికీ దగ్గర ఆగి, నా వైపు తిరగకుండానే అడిగారు.

"నువ్వు నిజంగానే అట్ల ప్రార్థన చేసినావా?"

నవ్వుతారేమోనని చూశాను. నవ్వలేదు. పల్లెవాళ్లను నడిపించడానికి పోయిన మనిషి, ఎవరి వెంట ఎంతదూరం పోయారో ఆ ఒక్క ప్రశ్నతో నాకు అర్థమైంది.

"చేసినాను" అన్నాను.

"అయితే ఇంకెప్పుడూ అట్ల అడగద్దు" అన్నారు ఆయన, బతిమాలుతున్నట్టు.

అడగనని చెప్పి, బిడ్డకు పాలివ్వడానికి చేతులు చాచాను.