పొగ రాని కారు

పాండురంగం బ్యాటరీ కారు కొన్నది సుబేదారిలో ఉండే రాజేశ్వరి టీచర్ కోసమేనని కొత్తవాడ పేటంతా చెప్పుకుంది. రుజువు చేసినవాడు ఈ రోజుదాకా లేడు. విన్నవాళ్లు మాత్రం వరంగల్‌లో సగంమంది ఉన్నారు.

ఎనభై నాలుగులో సంగతి. పాండురంగానిది జంపఖానాల దుకాణం. భార్య పోయి తొమ్మిదేళ్లు. పొద్దంతా గొంతు పోయేలా బేరాలాడి, దుకాణం కట్టేశాక గోడ మీది క్యాలెండరుతో తప్ప మాట్లాడే దిక్కులేని మనిషి. ఒకరోజు జంపఖానా కొనడానికొచ్చిన టీచరమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "ఈ బండ్ల పొగకు నాకు ఊపిరాడదు. ఎంత దూరమైనా నడిచే పోత" అంది. అంతే! నెల తిరగకుండా హైదరాబాదులో ఎవరో ఇంజనీరు తయారుచేసిన అగ్గిపెట్టెంత కారు వచ్చి దుకాణం ముందు ఆగింది. పొగ లేదు, చప్పుడు లేదు. రోడ్డు మీద కాకి కూడా లేవలేదట.

అదే చిక్కయింది. ప్రతి ఆదివారం ఆయన టీచరమ్మ గేటు ముందు ఆగేవాడు. స్కూటరొస్తే పది తలుపులు తెరుచుకునే వీధి అది. ఈ కారొస్తే ఒక్కటీ తెరుచుకోదు. హారన్ కొట్టడానికి సిగ్గు. "కూర్చోండి టీచరమ్మా, పొగ రాదు" అనే మాట వెయ్యిసార్లు నేర్చుకుని, చెమట పట్టి, కారులోని చిన్న ఫ్యాను వేసుకుని గంటసేపు కూర్చుని తిరిగొచ్చేవాడు. పక్క సీటు మీద పరిచిన కొత్త జంపఖానా మడత కూడా నలగలేదు.

ఎండాకాలంలో ఓ ఆదివారం ఆ ఫ్యానే బ్యాటరీనంతా తాగేసింది. దిగి తోస్తుంటే గేటు తెరుచుకుంది.

"అయ్యో పాండురంగం గారూ, ఎవరింటికొచ్చిన్రు?"

నేర్చిన మాట వదిలేసి టైరు వంక చూశాడు. "ఎవరింటికి లేదు టీచరమ్మా. దారిల పోతాంటే ఆగింది."

"జర ఉండండి, నేనొక చెయ్యేస్త."

ఆయన ముందు స్టీరింగు పట్టుకుని, ఆమె వెనక, చౌరస్తాదాకా తోశారు. అక్కడ చేతులు దులుపుకుని ఆమె అంది: "నాకు ఖమ్మం ట్రాన్స్‌ఫర్ అయింది. బుధవారం పోతాన్న. మంచి కారే తీసుకున్నరు, పొగ రాదట గదా!" నడుచుకుంటూ వెళ్లిపోయింది.

చాయ్ హోటల్ సాంబయ్య ఇప్పటికీ గెలుకుతాడు. "నిజం చెప్పు మామా, ఎవల కోసం కొన్నవు ఆ కారు?"

"పెట్రోలు ధర సూసి కొన్నరా! టీచర్ లేదు, తోసుడు లేదు. సుబేదారి తొవ్వనే నాకు తెల్వదు. అంతా మీరు పుట్టించిన ముచ్చట."