వికెట్ల వెనక కావేరి

"ప్రాక్టీసు పన్నెండింటికి," అన్నాడు టీం మేనేజర్ నిరంజన్, ఫోన్‌లోంచి తలెత్తకుండా.

"పగలు పన్నెండా, రాత్రి పన్నెండా?" అందరికీ అర్థమయ్యేలా హిందీలో అడిగింది కావేరి.

చుట్టూ ఉన్న అమ్మాయిలు కిసుక్కున నవ్వారు. ఆగస్టు నెల. ఘాజియాబాద్ శివార్లలోని ఆ మైదానంలో పొద్దున్నే గడ్డిలోంచి ఆవిరి లేస్తోంది.

"పగలే మేడం. సాయంత్రం స్లాట్ మెన్స్ టీంది. లైట్లు వాళ్ళ పేరు మీద బుక్ అయ్యాయి."

"మరి మా పేరు మీద ఏం బుక్కయింది?"

"ఎండ," అంది వెనక నుంచి ఉమారాణి.

హిండన్ రైడర్స్ ఫ్రాంచైజీకి రెండు జట్లున్నాయి. అపార్ట్‌మెంట్లు కట్టి అమ్మే ఓ పెద్దమనిషి మగ జట్టును ముచ్చటపడి కొన్నాడు. ఆడ జట్టు కూడా ఉండి తీరాలని లీగ్ నిబంధన పెట్టింది కాబట్టి దాన్ని భరించాడు. ఇప్పుడా నిబంధన తీసేశారు. నిరంజన్ హైదరాబాద్ నుంచి వచ్చిన కార్పొరేట్ ఉద్యోగి. చెడ్డవాడు కాదు, పైవాళ్ళు చెప్పింది కిందికి చేరవేస్తాడు. ఆ రోజు చేరవేసింది ఇది: ఈ ఏడాది కప్పు రాకపోతే వచ్చే ఏడాది విమెన్స్ టీం ఉండదు.

"మగవాళ్ళు గెలవకపోతే?" అంది కావేరి.

"వాళ్ళ సంగతి వేరు మేడం."

ఆ వేరేమిటో ఎవరూ చెప్పరు. మగ జట్టు లీగ్ మొదలైనప్పటి నుంచీ పట్టికలో అట్టడుగునే ఉంది. దానికి మాత్రం ఎవరూ గడువు పెట్టలేదు. కావేరికి ముప్పై నాలుగేళ్ళు. ఈ జట్టు పోతే ఆ వయసు కీపర్‌ను ఇంకెవరూ పిలవరు. ఆమె ఆట అక్కడితో అయిపోతుంది.

ఆమె వికెట్ల వెనకకి చేరిన కథ కూడా అలాంటిదే. గుంతకల్లు రైల్వే క్వార్టర్ల మధ్య మగపిల్లలు ఆడుకునేవాళ్ళు. బ్యాటూ ఇచ్చేవాళ్ళు కాదు, బంతీ ఇచ్చేవాళ్ళు కాదు. "వెనక నిలబడు, బంతి పోతే తెచ్చిపెట్టు," అన్నారు. వెనక మురిక్కాలువ ఉండేది. బంతి అందులో పడితే దిగాల్సింది తనే కాబట్టి ఒక్క బంతినీ పోనివ్వకూడదనుకుంది. అలా పట్టు నేర్చిన చేతులవి. ఆ చేతులే ఆమెకు స్పోర్ట్స్ కోటాలో ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం తెచ్చాయి. ఆఫీసులో ఇప్పటికీ కొందరు "ఆడుకోవడానికి జీతమా?" అంటారు. "మీరు ఆడకుండానే తీసుకుంటాండారు కదా," అంటుందామె.

జట్టులో తెలుగువాళ్ళు ఇద్దరే. కావేరి కాక రెండో మనిషి ఉమారాణి, జనగామ పిల్ల. ఢిల్లీ కటవారియా సరాయ్‌లో చిన్న గది తీసుకుని ఉద్యోగ పరీక్షలకు చదువుతూ లెగ్‌స్పిన్ వేస్తుంది. వేరే జట్ల కీపర్లు బౌలర్లకు వేళ్ళతో సైగలు చేస్తారు. వీళ్ళకా అవసరం పడలేదు. బంతి ఎటు తిరగాలో కావేరి వికెట్ల వెనక నుంచి తెలుగులో కేకేసి చెప్పేది. "లోపలికి!" "బయటికి, నెమ్మదిగా!" పక్కనే ఉన్న బ్యాటర్‌కి అది పిట్టకూత. హర్యానా అమ్మాయో పంజాబీ అమ్మాయో దాన్ని పట్టించుకోకుండా గార్డు తీసుకునేది, అవుటయ్యేది.

సీజన్‌లో మొదటి రెండు మ్యాచులూ ఓడిపోయారు. మూడోది గెలిచారు. ఆ తర్వాత ఆగలేదు. ఆడవాళ్ళ మ్యాచులన్నీ మధ్యాహ్నమే పెట్టారు, ఎందుకంటే టీవీ వాళ్ళకు రాత్రిళ్ళు మగవాళ్ళే కావాలి. పదిహేనో ఓవర్ వచ్చేసరికి ఎదుటి జట్లు నీళ్ళ సీసాల కోసం గట్టు వైపు చూసేవి. రోజూ పన్నెండింటికి మాడిన హిండన్ అమ్మాయిలు అప్పుడే ఒళ్ళు విరుచుకునేవాళ్ళు. తమను అణచడానికి ఇచ్చిన ఎండనే వాళ్ళు ఆయుధం చేసుకున్నారు.

సెమీఫైనల్ గెలిచాక టీవీ విలేకరి, "ఈ ఫిట్‌నెస్ రహస్యమేమిటి?" అని మైకు పెట్టింది. కావేరి హిందీలో దాపరికం లేకుండా చెప్పింది: "రహస్యమేమీ లేదు. లైట్లు మగ టీంకిచ్చి మమ్మల్ని మిట్టమధ్యాహ్నం నిలబెట్టారు. అలవాటైపోయింది."

సాయంత్రానికి నిరంజన్ పరుగున వచ్చాడు. "మేడం, తమాషాకి అన్నానని ఒక్క పోస్ట్ పెట్టండి. సార్ చాలా అప్సెట్."

"తమాషాకు అనలేదు కదప్పా."

"ఫైనల్ పోతే ఇంక నేను కూడా ఏం చేయలేను."

"పోతే కదా!"

ఫైనల్ యమునా స్టార్స్‌తో, ఘాజియాబాద్‌లోని తమ మైదానంలోనే. మగవాళ్ళ ఫైనల్ అదే మైదానంలో రాత్రికి ఉంది. హిండన్ మగ జట్టు ఎప్పటిలాగే ముందే ఇంటికెళ్ళింది కాబట్టి గ్యాలరీలో కూర్చుని వీళ్ళకు చప్పట్లు కొడుతోంది. యజమాని కూడా వచ్చాడు.

హిండన్ మంచి స్కోరే చేసింది. స్టార్స్ వికెట్లు టపటపా పడ్డాయి, ఒక్క స్నిగ్ధ తప్ప. పొట్టిగా, చురుగ్గా ఉండే పిల్ల, నోరు తెరిస్తే ఢిల్లీ హిందీ. పేరును బట్టి బెంగాలీ అమ్మాయనుకున్నారు కావేరీ ఉమారాణీ. కావేరి "లోపలికి" అంటే స్నిగ్ధ ముందే మోకాలు వంచి స్వీప్ చేసింది. "బయటికి" అంటే కవర్స్ మీదుగా లేపింది. ఉమారాణి ఓవర్లో మూడు ఫోర్లు పోయాయి.

కావేరికి అనుమానమొచ్చింది. వికెట్ల వెనక వంగి, ఎటో చూస్తూ మామూలుగా అంది: "పాపా, నీ బూటు లేసు ఊడిపోయుండాది."

స్నిగ్ధ చటుక్కున కిందికి చూసుకుంది.

మరుక్షణం నాలుక కరుచుకుని పడీపడీ నవ్వింది. "పకడీ గయీ! ఆంటీ, మమ్మీ ఘర్ మే రోజ్ యహీ బోల్తీ హై!" దొరికిపోయా, ఇంట్లో మా అమ్మ రోజూ ఇదే అంటుంది అని.

"ఎవురి పిల్లవే నువ్వు?"

"డాడీ పేరు సదాశివరావు. సెంట్రల్ గవర్నమెంట్. ఆర్కే పురం."

ఢిల్లీలో తెలుగు వినే చెవులు ఎన్ని ఇళ్ళలో ఉన్నాయో మరిచిపోవడం తమ తప్పే. ఆర్కే పురం ప్రభుత్వ క్వార్టర్లలో పుట్టిన తెలుగు పిల్లలు హిందీలో జవాబిస్తారు. అమ్మ తిట్లు మాత్రం తెలుగులోనే వింటారు.

ఆఖరి ఓవర్. స్టార్స్‌కి తొమ్మిది పరుగులు కావాలి. ఉమారాణి బంతి తుడుచుకుంటూ దగ్గరికొచ్చింది. "ఇగ ఏం జేద్దామక్కా? సైగలు జేసుకుందామా?"

"సీజనంతా చేయనిది ఇప్పుడేం చేస్తాం? కలగాపులగమైపోతాది. నేనేం చెప్తే అదే వేయి. తిరకాసేమీ ల్యా."

"ఆ పిల్ల వింటది గదా!"

"విననీ. నమ్మాల కదా."

మొదటి బంతికి కావేరి "లోపలికి!" అంది. స్నిగ్ధ నమ్మలేదు, బయటికొస్తుందని బ్యాట్ చాపింది. లోపలికే వచ్చిన బంతి ప్యాడుకి తగిలింది. పరుగు లేదు. రెండో బంతికి "బయటికి!" ఈసారి నమ్మింది. ఫోర్.

"చెప్పకక్కా, నీకు దండం బెడ్త!" అరిచింది ఉమారాణి. గ్యాలరీలో నిరంజన్ తల పట్టుకున్నాడు.

కావేరి మాట మార్చలేదు. తర్వాత రెండు సింగిళ్ళు, ఓ ఖాళీ బంతి. చివరి బంతికి మూడు పరుగులు కావాలి. ఎదురుగా స్నిగ్ధే.

"అబ్ తో పక్కా ఝూఠ్ బోలోగీ, ఆంటీ," అంది గార్డు తీసుకుంటూ, ఈసారి అబద్ధమే చెప్తావులే అన్నట్టు.

"నేను అబద్ధమాడను పాపా. ఆడుంటే ఈ జట్టులో నా బతుకు ఎప్పుడో సుఖంగా ఉండేది." కావేరి గొంతెత్తింది. "ఉమా! బయటికి, బాగా నెమ్మదిగా! ముందుకొచ్చిందంటే స్టంప్ చేస్తా!"

అంత విప్పి ఎవరైనా చెప్తారా? స్నిగ్ధ నవ్వి, వేగంగా లోపలికొచ్చే బంతి కోసం రెండడుగులు ముందుకు దూకింది. బంతి గాల్లో తీరిగ్గా తేలి, పడి, బయటికి తిరిగింది. బ్యాట్ ఖాళీగా ఊగింది. గుంతకల్లు మురిక్కాలువ అంచున నేర్చిన చేతులు బంతిని అందుకుని, బెయిల్స్‌ను గాల్లోకి ఎగరేశాయి.

అమ్మాయిలందరూ ఒకరి మీద ఒకరు పడ్డారు. ఉమారాణి కావేరిని భుజాన ఎత్తుకోబోయి ఇద్దరూ గడ్డిలో దొర్లారు.

కప్పు ఇచ్చేటప్పుడు యజమాని మైకు పట్టుకుని, "ఈ బిడ్డలు మా గర్వం. వచ్చే ఏడాదీ ఉంటారు," అన్నాడు.

కావేరి ఆ మైకు అందుకుంది. "ధన్యవాద్ సర్. అందరూ విన్నారు కదా? వచ్చే ఏడాది లైట్లు కూడా సగం మావి." గ్యాలరీ హోరెత్తింది. ముందుగా లేచి చప్పట్లు కొట్టింది హిండన్ మగ జట్టే. అంతమంది ముందు యజమాని తలూపక తప్పలేదు.

అంతలో రాత్రి మ్యాచ్ కోసం ఫ్లడ్‌లైట్లు ఒక్కొక్కటే వెలిగాయి. కావేరి గడ్డి మీద నాలుగు వైపులా పడిన తన నీడలు చూసుకుంది. ఇన్నేళ్ళలో ఈ మైదానంలో ఆమెకు ఎప్పుడూ ఒకటే నీడ, అదీ కాళ్ళ కింద.

"మేడం, గ్రౌండ్ ఖాళీ చేయాలి," అన్నాడు నిరంజన్. ఈసారి గొంతు మెత్తగా ఉంది.

"చేస్తాం. ఒక్క ఓవర్ వేసుకుని." గ్లవ్స్ తొడుక్కుంది. "ఉమా, రా. ఏయ్ ఆర్కే పురం, బ్యాట్ తీసుకో."

స్నిగ్ధ పరుగెత్తుకుంటూ వచ్చి గార్డు తీసుకుంది. మగ జట్ల ఆటగాళ్ళు గీత బయట నిలబడి ఎదురుచూశారు.

"లోపలికి!" అరిచింది కావేరి.

"ఈసారి నమ్ముతా," అంది స్నిగ్ధ తెలుగులో, తడుముకుంటూ. "వెయ్యండి."