పరదా వెనక కంచం

ఆ కబురు నాకు మొదట తెచ్చింది మా చెల్లెలు రజియా. "ఆపా, టేకులపల్లి నుంచి ఓ పెద్దాయన మన దుకాణానికొచ్చిండు. దాదీ గురించి అడుగుతుండు, జల్దీ రా!"

దాదీ అంటే చనిపోయిన మా నాయనమ్మ. ఎవరికి అన్నం పెట్టినా మొహం గోడవైపు తిప్పుకుని, పరదా కింద నుంచి కంచం జరిపేది. "ఎవరో నాకు తెల్వది. కడుపునిండ తిను" అనేది. మనవరాళ్లమైన మాకూ అదే మాట. "నేను గూడ తెల్వదా దాదీ?" అని రజియా ఉడికించేది. ఎందుకలా అంటుందో ఆమె ఎప్పుడూ చెప్పలేదు.

స్వాతంత్ర్యం కోసం కొట్లాడే పార్టీ వాళ్లను వెతుకుతూ ఒకప్పుడు నవాబు పోలీసులు మా గడప దాకా వచ్చి, సోదా చేయకుండానే వెళ్లిపోయారట. అందుకే మేం పోలీసుల మనుషులమని బజారంతా అనుకుంది. ఆ ఎత్తిపొడుపు మా పిల్లల దాకా వచ్చింది.

పెద్దాయన నన్ను చూడగానే చెప్పాడు. "మా అయ్య పార్టీల తిరిగిండమ్మా. పోలీసులొచ్చిన దినం మీ ఇంట్లనే తింటుండె. 'ఖురాన్ మీద ఒట్టు, నేనెవర్నీ చూడలే' అన్నదట మీ దాదీ. ఆమె అబద్ధమాడదని ఎరిగినోళ్లు, నమ్మి పోయిన్రు."

నిజమే, ఆమె చూడలేదు. అబద్ధం ఆడాల్సి రాకూడదనే, తినేవాళ్ల మొహం చూడటం మానేసింది.

"తాతా, బయట అరుగు మీద కూసోని గట్టిగ చెప్పు. బజారు వినాలె!" అంది రజియా. ఆయన చెప్పాడు. ఆ రోజు నమాజులో నాకు కన్నీళ్లాగలేదు. అల్లాహ్‌కు శుక్రియా.

ఎవరికైనా కంచం జరిపేటప్పుడు మా దాదీని ఒక్కసారి తలచుకోండి. ఆమె ఎవరో మీకు తెలియకపోయినా సరే.