విందులో సారమ్మ వేసుకున్న గోళీలు

సహోదరులారా, సహోదరీలారా! సుల్తానాబాద్ పక్కన మా ఊళ్లో నాట్లు వేస్తూ నా భార్య సారమ్మ వంగి దగ్గింది, మడి నీళ్లలో ఎర్రగా రక్తం పడింది, తోటి ఆడవాళ్లు నారు కట్టలు వదిలేసి గట్టెక్కి నిలబడ్డారు, ఆ మాట నా దాకా వచ్చేసరికి చేతిలో పని వదిలేసి మడి దాకా పరుగెత్తాను! అది క్షయ అని నాకెవరూ చెప్పనక్కరలేదు. నా చిన్నతనంలో నన్ను కన్న మా బాపు అదే దగ్గు దగ్గి పోయాడు. ఆనాడు మా వైపు దానికి మందు లేదు. మేకపాలు తాగించమన్నారు, వేరే పాకలో పడుకోబెట్టమన్నారు, అంతే.

నేను బడికి పోయింది తక్కువే గానీ, పొలం కొలిచి ఎన్ని ఎకరాలో ఎన్ని గుంటలో చెప్పడం, బావి తవ్వితే ఎంత మట్టి వస్తుందో చెప్పడం సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. ఏ లెక్కనైనా రెండు వైపుల నుంచి వేసి చూస్తాను. సారమ్మ లెక్క ఎటు నుంచి వేసినా మా బాపు దగ్గరికే వచ్చి తేలింది. "ప్రభువా, నా ఈ ఒక్క లెక్క తప్పని తేల్చు" అని మోకాళ్ల మీద పడి ఏడ్చాను.

కరీంనగర్ ఆసుపత్రిలో డాక్టరమ్మ ఎక్స్‌రే చూసింది. "మీ బాపు కాలం పోయింది. ఇప్పుడు దీనికి సూదులున్నయి, గోళీలున్నయి. ఏడాదిన్నర వాడాలె. దగ్గు తగ్గినా ఆపొద్దు" అంది. ఆ సూది మందును మట్టిలో ఉండే కంటికి కనపడని జీవి నుంచి తీశారని కూడా ఆమే చెప్పింది. బతుకంతా మట్టి కొలిచిన నాకు, ఆ మట్టిలోనే దేవుడు మందు ఉంచాడని, దాన్ని వెతికే తెలివి మనుషులకిచ్చాడని తెలిసి ఒళ్లు పులకరించింది!

కొన్ని నెలలకు దగ్గు పోయింది, ముఖంలో కళ వచ్చింది. మా సంఘంలో జబ్బు తగ్గితే కృతజ్ఞత విందు పెట్టడం ఆచారం, విందు పెట్టాక ఇక మందు ముట్టకూడదన్నది దానితో వచ్చిన పట్టింపు. మా ప్రార్థన గుడి ముందు పందిట్లో విస్తళ్లు వేశాం. సారమ్మ కొంగు ముడి విప్పి గోళీలు తీయడం మా అమ్మ అక్క, పెద్దవ్వ ఏస్తేరమ్మ, చూసింది.

"గింత మంచిగైనవు, ఇంకా గోళీలెందుకే? విందు పెట్టినంక మందు మింగితే, నీ పని చాలలేదని దేవుని ముఖం మీద అన్నట్టే గదా!"

అందరూ, ప్రార్థన చేయడానికి లేచిన పాస్టరు అయ్యగారు కూడా, మావైపు చూశారు. నెలల తరబడి మా కోసం ప్రార్థించినవాళ్ల మనసు నొప్పించలేక, "ఇంటికి పోయినంక ఏసుకో" అని మెల్లగా అన్నాను.

"దాసుకొని ఏసుకునుడెందుకు? నేనేమన్న దొంగతనం చేస్తున్ననా?" అని సారమ్మ గోళీలను విస్తరిలోనే పెట్టింది. "పెద్దవ్వా, మడిల తుంగను పైకి కోస్తే పోతదా?"

"ఎట్ల పోతదే? కింద గడ్డ ఉంటది, మల్ల మొలుస్తది."

"నా పానంల గా గడ్డ ఇంకా ఉన్నదట. అయ్యగారూ, బువ్వకు ప్రార్థన చేస్తరు గదా, గీ గోళీలకు గూడ చెయ్యుండ్రి."

పందిట్లో తలలన్నీ అయ్యగారి వైపు తిరిగాయి. చివరి వరుసలోంచి ఎవరో, "దేనికన్న చెయ్యుండ్రి అయ్యగారూ, కూర సల్లారుతున్నది!" అనేసరికి అందరూ నవ్వారు. మా పాస్టరు అయ్యగారు చేతులెత్తారు. "ప్రభువా, ఈ అన్నం నీది, ఈ మందు నీది, ఈ బిడ్డ నీది. ఆమేన్!"

పెద్దవ్వే లేచి నీళ్ల గ్లాసు తెచ్చింది. "మింగు బిడ్డా. నీళ్లు జర ఎక్కువ తాగు, గడ్డ దాకా పోవాలె!"

ఆ రోజు ఆపి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు. ఆపలేదు. ఏడాదిన్నర నిండాక డాక్టరమ్మ కొత్త ఎక్స్‌రే వెలుతురుకు పట్టి, మానిన మచ్చ తప్ప ఏమీ లేదని చూపించింది. దేవునికే మహిమ! మరుసటి పంట కారుకు సారమ్మ నాట్లలో అందరికన్నా ముందు వరుసలో ఉంది, గట్టు మీద నిలబడి చూసి గర్వపడ్డాను, ఇప్పటికీ గర్వపడుతున్నాను!

ఈనాటికీ మా సంఘంలో ఏ విందైనా, ప్రార్థనకు ముందు అయ్యగారు "మందులున్నోళ్లు ముందట పెట్టుండ్రి" అంటారు. చక్కెర జబ్బువాళ్లు, క్షయవాళ్లు, ఎవరూ సిగ్గుపడకుండా అరచేతులు చాపుతారు. మందు దాచుకుని కుమిలిపోతున్న సహోదరుడా, సహోదరీ, వచ్చి మా మధ్య కూర్చో. ప్రార్థన మేం చేస్తాం, నీళ్లు మేం అందిస్తాం. బాగుచేసే దేవుణ్ణి నమ్ము, ఆఖరి గోళీ దాకా నమ్ము!