మూడో పాటలో డ్రమ్ములు

మా బాబాయి కళ్ళజోళ్ళ కొట్లోకి అడుగుపెట్టిన మనిషి ఎవరైనా సరే, ఒక రాక్ బ్యాండు పాట విని, నచ్చిందో నచ్చలేదో తేల్చి చెప్పందే బయటపడడానికి వీల్లేదు. "పర్వాలేదు" అన్నారో, అయిపోయారే. "పర్వాలేదేమిటండీ? అక్షరాలు కనబడుతున్నాయా అంటే పర్వాలేదంటారా? మళ్ళీ వినండి" అని పాట మొదటికి తిప్పేవాడు. ఆ బ్యాండు పాటలేమో ఓ పట్టాన తెమిలేవి కావు. కంట్లో చుక్కలు వేయించుకున్నవాళ్ళు పారిపోదామన్నా తలుపెక్కడుందో కనబడక అలాగే కూర్చుండిపోయేవాళ్ళు.

ఇప్పుడా కొట్టు నేను చూసుకుంటున్నాను. కళ్ళజోడు పెట్టుకుని చూసుకుని, డబ్బులిచ్చి, జనం మర్యాదగా వెళ్ళిపోతున్నారు. ఎవరూ ఎవరిమీదా అరవడం లేదు. వ్యాపారం నిక్షేపంగా ఉంది. కొట్టే బోసిపోయింది.

ఆ బ్యాండు సంగతి కొంచెం చెప్పాలి. పేపర్లలో సంగీతం గురించి రాసే పెద్దలందరూ దాన్ని ఆకాశానికెత్తేశారు. వినేవాళ్ళు మాత్రం నిట్టనిలువునా రెండుగా చీలిపోయారు. పాడేవాడి గొంతు తుప్పుపట్టిన గేటులా ఉంటుందని కొందరంటారు. ఆ తుప్పులోనే ప్రాణముందని కొందరంటారు. పాట మొదలయ్యే ముందు గిటారు వాయించేవాడు ఒకే తీగని చాలాసేపు గీకుతూ ఉంటాడు. అది తపస్సని వీళ్ళు, వాడింకా శ్రుతి చేసుకుంటున్నాడని వాళ్ళు. సరే, ఒక రికార్డు నచ్చింది కదా అని రెండోది కొంటే, దానికీ దీనికీ పోలికే ఉండదు. ఇష్టపడ్డవాణ్ణి కూడా కుదురుగా ఇష్టపడనివ్వని బ్యాండది. మా బాబాయి ఏరికోరి దాన్నే పట్టుకున్నాడు.

ఆయన పని చేసే పద్ధతి కూడా ఈ జబ్బుకి సరిగ్గా సరిపోయింది. కళ్ళు పరీక్ష చేసేటప్పుడు బరువైన ఇనుప ఫ్రేము ముక్కు మీద పెట్టి, అద్దాలు మారుస్తూ "ఇది బాగుందా, ఇది బాగుందా?" అని అడుగుతారు చూడండి. అదే వేగంతో పాట గురించీ అడిగేవాడు. ఒకసారి పక్కనున్న బేకరీ ఆయన దొరికిపోయాడు.

"నచ్చిందా?"

"నాకు సంగీతం తెలీదండీ."

"మిమ్మల్ని వాయించమన్నానా? నచ్చిందా, లేదా?"

"పేపర్లో చాలా గొప్పగా రాశారు కదండీ మరి..."

"పేపరాయన కళ్ళజోడు మీకు పెట్టి పంపించమంటారా?"

"అయితే నచ్చలేదండీ. పొద్దున తిన్నది పైకొస్తోంది."

"అలా చెప్పండి! ఇప్పుడు ఎందుకు నచ్చలేదో చెప్పండి. నేను ఒప్పుకోను."

ఇక చూసుకోండి. బేకరీలో రొట్టెలు మాడిన వాసన కొట్టుదాకా వచ్చేవరకూ ఇద్దరూ వాదించుకున్నారు. ఎవరైనా పొరపాటున "అద్భుతంగా ఉందండీ" అంటే మాత్రం ఆయన మొహం వాడిపోయేది. "మంచిది, వెళ్ళిరండి" అని కళ్ళజోడు పెట్టె చేతిలో పెట్టి పంపేసేవాడు. అభిమానిని చూస్తే నీరసపడే అభిమానిని నేనెక్కడా చూడలేదు.

ఇంకో చిత్రం, ఆయన చెవుల్లో ఎప్పుడూ రెండు దూది ఉండలుండేవి. అద్దాలు తుడిచే దూది డబ్బా పక్కనే ఉండేది కాబట్టి కొరత లేదు. ఎండాకాలంలో కూడా దూదేమిటి బాబాయ్ అంటే, "చెవుల్లోంచే చలి దూరేది" అనేవాడు. రెండుసార్లు పిలిస్తే గానీ పలికేవాడు కాదు. ఆ పాటలు విని విని చెవులు పోయాయని వీధంతా అనుకున్నాం.

నా చోటు వెనకగదిలో, అద్దాలు అరగదీసే మిషన్ దగ్గర. ఆ మిషన్ రొదలో పాట నాకు ముక్కలు ముక్కలుగా తప్ప వినబడేది కాదు. కానీ సాయంత్రం టీ వేళకి జరిగే పోట్లాట మాత్రం ఎంత రొదలోనైనా వినబడేది. మిషన్ ఆపి మరీ వినేవాణ్ణి.

మా కొట్టు పైవాటాలో పియానో టీచరమ్మ ఉంటుంది. ఆ వేళకి బాబాయి వీధి తలుపు బార్లా తెరిచి, రికార్డు పెట్టి, మోత పెంచేవాడు. కాసేపటికి మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించేది.

"ఏవండీ కళ్ళజోళ్ళాయనా! ఇది కొట్టా, రేకుల ఫ్యాక్టరీనా?"

"రండి టీచర్ గారూ, కూర్చోండి."

"కూర్చోడానికి రాలేదు" అంటూ ఆవిడ కూర్చునేది.

నేను టీ కప్పులు తెచ్చి పెట్టేవాణ్ణి. "నాకొద్దు" అంటూ ఆవిడ తాగేది. ఆ తర్వాత యుద్ధం.

"రెండో పాటలో పియానో వాయించినవాడు ఎడమచెయ్యి ఇంటిదగ్గర మర్చిపోయి వచ్చాడా?"

"కావాలనే వదిలేశాడండీ. ఆ ఖాళీ మనం నింపుకోవాలి."

"నింపేది నేనైతే రికార్డు మీద ఆయన ఫొటో ఎందుకు? నాది వేయమనండి!"

"అక్కడేనండీ కిటుకంతా. ఈ బ్యాండు సగమే వండి పెడుతుంది. మిగతా సగం మనమే వండుకోవాలి. కొందరికి అది సరదా, కొందరికి ఒళ్ళుమంట. జనం రెండుగా చీలింది అందుకే."

"వంట రానివాళ్ళు చెప్పే సాకండీ అది!"

"పోనీ మూడో పాట మాటేమిటి? అందులో ఆ డ్రమ్ములు! నేరుగా గుండె మీద వాయించినట్టుండవూ?"

ఈ డ్రమ్ముల మాట వచ్చినప్పుడల్లా ఆవిడ ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసేది. తర్వాత కప్పు కింద పెట్టి, "ఆ డ్రమ్ములా? అవి మరీ ఘోరం" అనేది. ఆయన బల్ల మీద వేళ్ళతో ఆ డ్రమ్ములు వాయించి చూపించేవాడు. ఆవిడ రెండు చేతులతో చెవులు మూసుకునేది. చివరికి "రేపు కూడా ఈ గోల వినబడిందంటే ఊరుకునేది లేదు" అని లేచేది. "రేపు ఇంకా గట్టిగా పెడతానండీ" అని ఆయన గుమ్మందాకా వెళ్ళి సాగనంపేవాడు. ఆ మర్నాడూ ఇదే తంతు.

మొన్న చలికాలంలో బాబాయి పోయాడు. జ్వరమన్నాడు, పడుకున్నాడు, లేవలేదు. మనిషి పోతే ఇల్లు బోసిపోతుందని విన్నాను గానీ ఒక వీధి వీధంతా చప్పబడిపోతుందని అప్పుడే తెలిసింది. బేకరీ ఆయన వచ్చి, కాసేపు నిలబడి, "ఆ దిక్కుమాలిన పాట ఒకసారి పెట్టు బాబూ" అన్నాడు. పెట్టలేకపోయాను.

దినాలయ్యాక కొట్టు తెరిచాను. సాయంత్రమైంది. మెట్ల మీద చప్పుడు లేదు. ఆ మర్నాడూ లేదు. ఓ రోజు తల ఎత్తి చూస్తే, పైవాటా కిటికీలోంచి తాడు కట్టిన బుట్ట ఒకటి కిందికి దిగుతోంది. కూరలతను అందులో ఏవో వేశాడు. బుట్ట మెల్లగా పైకి వెళ్ళిపోయింది. కిటికీ మూసుకుంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర పిన్నితో అన్నాను. "పిన్నీ, కొట్లో రికార్డు ప్లేయరు ఇంటికి తెచ్చి పెట్టనా? బాబాయి గుర్తుగా ఉంటుంది, వింటూ ఉండొచ్చు."

"నాకెందుకురా ఆ గోల? మీ బాబాయికే ఆ పాటలంటే తలనొప్పి."

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఆయన ఇంట్లో ఎప్పుడైనా ఆ పాట పెట్టగా చూశావా? ఒక్క కూనిరాగమైనా తీశాడా? చెవుల్లో దూది ఎందుకనుకున్నావు, నిజంగా చలికనుకున్నావా? ఇంటికొచ్చి దూది తీసి, 'హమ్మయ్య' అని పడకకుర్చీలో వాలేవాడు."

అప్పుడు చెప్పింది పిన్ని. నేను కొట్లో చేరకముందు పైవాటాలో అక్కాచెల్లెళ్ళు ఇద్దరుండేవాళ్ళట. ఇద్దరూ కలిసి పియానో నేర్పేవాళ్ళు. అక్క పోయాక చెల్లెలు పియానో మూసేసింది, పిల్లల్ని రావద్దంది, మెట్లు దిగడం మానేసింది. సరుకులన్నీ తాడు కట్టిన బుట్టలోనే. బాబాయి తలుపు తట్టాడు, తియ్యలేదు. పిన్ని పలకరించబోతే తలనొప్పంది. మంచి పాటలు పెడితే వినైనా దిగుతుందేమోనని ఎవరికైనా నచ్చే పాటలు పెట్టి చూశాడు. ఆవిడ కిటికీ దగ్గర నిలబడి బుద్ధిగా విని లోపలికి వెళ్ళిపోయింది.

"అప్పుడు రికార్డుల కొట్టుకి వెళ్ళి, మనుషులు కొట్టుకుచచ్చే పాటలేమైనా ఉన్నాయా అని అడిగాడట. ఇదొకటుందండీ, కొన్నవాళ్ళలో సగం మంది తిట్టి తిరిగిచ్చేస్తారు, మిగతావాళ్ళు వచ్చి రెండోది కొనుక్కుంటారు అన్నాట్ట ఆ కొట్టతను. అదే ఇవ్వమన్నాడు."

"మరి కొట్లోకి వచ్చినవాళ్ళందరి ప్రాణాలూ ఎందుకు తీసినట్టు?"

"ఆవిడ ఒక్కర్తికోసమే పెడుతున్నాడని తెలిస్తే ఆవిడ దిగొస్తుందట్రా? అభిమానం గల మనిషి. అందుకని ఊరందరి మెడకీ చుట్టాడు." పిన్ని నవ్వబోయి కళ్ళు తుడుచుకుంది. "పేపర్లలో వాళ్ళేం రాశారో రాత్రిళ్ళు చదివి బట్టీపట్టేవాడు, పరీక్షకెళ్ళే కుర్రాడిలా."

మర్నాడు ప్లేయరూ రికార్డూ మోసుకుని పైకి వెళ్ళాను. ఈ సంగతి ఆవిడకి చెప్పకపోతే నాకు నిద్రపట్టేలా లేదు. చాలాసేపు తలుపు కొట్టాక తీసింది. మనిషి చిక్కిపోయింది. నేను గుక్కతిప్పుకోకుండా ఉన్నదంతా చెప్పేశాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు.

"ఆయనకి నచ్చదని నాకు మొదట్లోనే తెలిసిపోయిందయ్యా."

"ఎలాగండీ?"

ఆవిడ రికార్డు పెట్టి, ముల్లు జాగ్రత్తగా మూడో పాట మీద దించింది. ఒక గిటారు, ఒక తుప్పుపట్టిన గొంతు. ఆ గొంతు ఎవరినో పిలుస్తున్నట్టు, వాళ్ళు పలకరని తెలిసి కూడా పిలుస్తున్నట్టు పాడుతోంది. మిషన్ రొద లేకుండా నేనా పాట వినడం అదే మొదటిసారి. డ్రమ్ముల కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. పాట అయిపోయింది. డ్రమ్ములు రాలేదు.

"ఈ పాటలో డ్రమ్ముల్లేవు" అంది ఆవిడ. "వేరే రికార్డు గురించి రాసింది చదివి ఉంటాడు. చెవుల్లో దూది చలికేమో అనుకున్నాను. ఆ డ్రమ్ముల మాట అన్నాక అర్థమైంది."

"మరి ఆయనతో అనలేదేం?"

"అంటే మర్నాటినుంచి రికార్డు పెట్టేవాడా? నేనేం వంక పెట్టుకుని మెట్లు దిగను?" ఆవిడ కిటికీ వైపు తిరిగింది. "తప్పులు పట్టడానికి ఏదో ఒకటి కావాలి కదాని ఒక్కొక్క పాటా పియానో మీద వాయించి చూసుకునేదాన్ని. అలా మళ్ళీ పియానో తెరిచాను. ఆ మాటైనా ఆయనకి చెప్పాల్సింది. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే గడిచిపోయింది. రోజూ తిట్టడానికే టైము సరిపోయేది."

నాకూ అదే బాధ. ఆ మిషన్ ఆపి ఆయన పక్కన కూర్చుని ఒక్క పాటైనా పూర్తిగా విని, నచ్చిందనో లేదనో చెప్పి ఉంటే బాగుండేది.

"ఇంతకీ మీకు నచ్చిందాండీ ఈ బ్యాండు?" అన్నాను.

"పర్వాలేదు."

"ఆ మాటంటే బాబాయి మళ్ళీ మొదటినుంచి పెట్టేవాడు."

"అందుకేగా అన్నాను" అని, ముల్లు ఎత్తి మళ్ళీ మొదట్లో పెట్టింది. ఇద్దరం ఇంకోసారి విన్నాం. ఈసారి ఆవిడ అడిగింది, "నీకు?"

"నాకు నచ్చిందండీ. చాలా నచ్చింది."

ఆవిడ మొహం వాడిపోయింది. అచ్చం బాబాయి మొహంలాగే. "మంచిది, వెళ్ళిరా" అని తలుపు దగ్గరికి నడిచింది. మెట్లు దిగుతుంటే గానీ నేను చేసిన తెలివితక్కువ పని నాకు తట్టలేదు.

మర్నాడు సాయంత్రం టీ వేళ ముక్కు మీద ఇనుప ఫ్రేముతో ఒకాయన నా ముందు కూర్చుని ఉన్నాడు. "ఇది బాగుందా, ఇది బాగుందా?" అంటున్నాను. ఉన్నట్టుండి పైవాటా కిటికీ బార్లా తెరుచుకుంది. గిటారు ఒకే తీగ మీద గీకడం మొదలైంది. వీధిలో వెళ్ళేవాళ్ళు ఆగి పైకి చూశారు. మోత ఇంకొంచెం పెరిగింది.

"ఏమిటండీ ఆ గోల?" అన్నాడు ఫ్రేము పెట్టుకున్నాయన.

"ఒక్క నిమిషం కూర్చోండి" అని లేచాను. పాట బాగుంది. ఆ బాగున్న సంగతి నా మొహంలో కనబడితే మొత్తం చెడుతుంది. దూది డబ్బాలోంచి రెండు ఉండలు తీసి చెవుల్లో కుక్కుకుని, చెప్పులు టపటపలాడించుకుంటూ మెట్లెక్కాను.

"ఏవండీ టీచర్ గారూ! ఇది ఇల్లా, రేకుల ఫ్యాక్టరీనా?"

ఆవిడ నా మొహం చూసింది. నా చెవులు చూసింది.

"నిన్న నచ్చిందన్నావు?" అంది, నాకు వినబడేలా గట్టిగా.

"నిన్న సరిగ్గా వినలేదు. మూడో పాటలో ఆ డ్రమ్ములేమిటండీ, మరీ ఘోరం!"

ఆవిడ పెదవి బిగబట్టి, కుర్చీ ఇటు జరిపింది. బల్ల మీద టీ కప్పులు రెండు ముందే సిద్ధంగా ఉన్నాయి.

"కూర్చో."

"కూర్చోడానికి రాలేదండీ" అంటూ కూర్చున్నాను.