తీసివేతలో మిగిలింది

2004 మే 12, బుధవారం, పగలు పదకొండున్నర. బాన్సువాడ బస్టాండు దగ్గరి వీడియో షాపులో ఇది మొదలైంది. బయట రోడ్డు నిండా జనం, లోపల ఫ్యాను గాలి. దయ్యాల కథలకు కావలసిన చీకటి ఇందులో ఎక్కడా లేదని ముందే చెబుతున్నాను.

నేను దయ్యాలను నమ్మను. ముప్పై ఒక్క ఏళ్లు బడిలో లెక్కలు చెప్పాను. ఎవరైనా శ్మశానం పక్కన ఏదో కనిపించిందంటే, ఎంత దూరంలో, ఏ వెలుతురులో అని అడిగేదాన్ని. చాలామంది కథలు ఆ రెండు ప్రశ్నలకే ఆగిపోయేవి.

నా చెల్లెలు సరోజకు 1993 జనవరి 4న లావణ్య పుట్టింది. ఇరవై ఒకటో రోజున, నస్రుల్లాబాద్‌లో వాళ్లింట్లోనే, పిల్లను తొట్టెలలో వేశారు. ఆ వేడుకను వీడియో తీయించాం. రెండేళ్లకు సరోజకు మోకాలి ఎముకకు జబ్బు చేసింది. చివరి నెలల్లో కుడికాలు ఈడుస్తూ, ఎడమచేత్తో గోడ పట్టుకుని నడిచేది. తర్వాత అదీ లేదు. దవాఖాన మంచం మీద నుంచి ఒకటే మాట అనేది. "నా పిల్లకు బొంత గూడ నేను కప్పలేకపోతినక్కా." 1995 నవంబరులో పోయింది.

లావణ్యను నేనే పెంచాను. తల్లి ఫోటోలు మూడున్నాయి. కానీ తల్లి ఎలా నడిచేదో, గొంతు ఎలా ఉండేదో పిల్లకు తెలియదు. మా ఇంట్లో వీసీఆర్ లేదు. క్యాసెట్ బీరువాలోనే ఉండిపోయింది. పదకొండేళ్లు నిండాక తనే అడిగింది. "పెద్దమ్మా, అమ్మ మాట్లాడితే ఒక్కపారి ఇనాలె." తీసి చూస్తే టేపుకు తెల్లగా బూజు పట్టి ఉంది.

లావణ్యను వెంటబెట్టుకుని షాపుకు వెళ్లాను. అక్కడ ఎడిటింగ్ చేసేది నస్రీన్. నా దగ్గరే చదువుకుంది. భర్త పెళ్లిళ్లు షూటింగ్ చేసి తెస్తే, ఈమె కంప్యూటర్లో కోసి, అతికించి, సీడీలు చేసేది.

"టేపు ఒక్కపారి తిరుగుతదేమో టీచర్. రెండోపారికి నా జిమ్మేదారి లేదు," అంది.

ఒక్కసారే తిరిగింది. కంప్యూటర్లోకి ఎక్కేటప్పుడు తెర మీద చూస్తే మధ్యలో బొమ్మలు జారిపోతాయని, చూడనివ్వలేదు. నలభై రెండు నిమిషాలూ ఎక్కాయి. వెనక్కి చుట్టేటప్పుడు టేపు తెగి, పొట్టు పొట్టుగా రాలింది. ఇక సరోజ ఉన్నది ఆ కంప్యూటర్లో మాత్రమే. ఫైలు డిస్కునంతా నింపేసింది. సాయంత్రం రాబోయే పెళ్లి క్యాసెట్లకు అదే డిస్కులో చోటు కావాలి. ఆలోపు ఫైలును చిన్నది చేసి సీడీలోకి ఎక్కించాలి.

చిన్నది ఎలా అవుతుందని అడిగాను.

"కదలనిది మళ్ల రాయదు టీచర్. గోడ గోడలెక్కనే ఉంటే ఒక్కపారి రాసి ఊకుంటది. మనిషి కదిలిండనుకో, గంతమట్టుకు మళ్ల మళ్ల రాస్తది."

ఫైలును చిన్నది చేస్తున్నంతసేపూ తెర కింద ఒక గీత నడుస్తూ ఉంటుంది. జనం బాగా కదిలిన చోట పైకి లేస్తుంది, ఏమీ కదలని చోట నేలకు పడిపోతుంది.

పంతొమ్మిదో నిమిషం దగ్గర గీత ఒక్కసారిగా పైకొసకు లేచింది. పిల్లలు గంతులేసిన చోట కూడా అంత లేవలేదు. కంప్యూటర్ అక్కడే బిగుసుకుపోయింది. ఆ చోటు తెర మీద పెట్టి చూశాం. అందరూ ముంగిట్లో భోజనాలకు లేచినట్టున్నారు, వీడియో అతను కెమెరాను ఆపకుండా స్టాండు మీదే వదిలేశాడు. నాలుగు నిమిషాలు ఖాళీ గది. గోడ, తలుపు, తొట్టెల, దాని అంచు మీదుగా నిద్రపోతున్న పిల్ల తల మాత్రం. బయట సరోజ ఎవరికో ఇంకింత అన్నం పెట్టమంటోంది. లావణ్య తన తల్లి గొంతును మొదట విన్నది అలా, గోడ అవతలి నుంచే.

"పాత టేపు టీచర్, చుక్కలు చుక్కలుంటయి. గవ్వే కదులుతున్నయనుకుంటది," అంది నస్రీన్.

సమంజసమే. అయితే అదే టేపులో, అరగంట దాటాక, దేవుడి పటాలను కెమెరా కదపకుండా తీసిన ముక్క ఉంది. అవే చుక్కలు. దాన్ని విడిగా పెట్టించాను. గీత నేల మీద నుంచి లేవలేదు.

ఖాళీ గదిని మళ్లీ పెట్టాం. మళ్లీ అక్కడే ఆగింది. మూడోసారీ అంతే.

అప్పుడు నస్రీన్ ఆ నాలుగు నిమిషాలను రెండు పొరలుగా ఒకదాని మీద ఒకటి పెట్టింది. ఒక పొరను ఒక్క క్షణం వెనక్కి జరిపి, ఒకదానిలోంచి ఇంకోదాన్ని తీసేయమని కంప్యూటర్‌కు చెప్పింది. కదలనిదంతా సున్నా అయి నల్లబడుతుంది. కదిలింది మాత్రమే మిగులుతుంది.

"తీసివేత టీచర్! అప్పు తెచ్చుకునుడు మరిస్తే మీరు చెవు మెలేసిండ్రు, యాదికున్నదా?" అని నవ్వుతూ నొక్కింది.

తెర నల్లబడింది. తలుపు వైపు నుంచి బూడిదరంగు అంచు ఒకటి లోపలికి వచ్చింది. ముఖం లేదు. మనిషి ఎత్తు ఉంది. ఒక అడుగు వేసి, ఆగి, రెండో కాలును లాక్కుంది. కుడికాలు. ఎడమచేయి గోడ మీద ఉంది. తొట్టెల దాకా రావడానికి చాలాసేపు పట్టింది. అక్కడ వంగింది.

1993 జనవరిలో సరోజ కాళ్లు రెండూ బాగున్నాయి. పైగా ఆమె బయట వడ్డిస్తోంది. గొంతు మాకు వినబడుతూనే ఉంది.

నస్రీన్ నవ్వు ఆగిపోయింది. మామూలు బొమ్మ పెట్టింది, ఖాళీ గది. తీసివేత పెట్టింది, వంగిన మనిషి. నా పక్క కుర్చీలో లావణ్య ఉందని అప్పుడు గుర్తొచ్చింది.

ఆపమనేలోపే, నస్రీన్ మళ్లీ పెట్టిన మామూలు బొమ్మలో సరోజ చేతులు తుడుచుకుంటూ చకచకా లోపలికి వచ్చింది. తొట్టెలలోకి చూసి తలెత్తింది.

"అక్కా, పిల్లకు బొంత ఎవలు కప్పిండ్రు? నేను కప్పలే."

"ఎవలు రాలేదే లోపటికి," అని జవాబు చెప్పిన గొంతు నాదే. అలా అన్నట్టు నాకు అప్పటిదాకా గుర్తే లేదు.

సాయంత్రం నాలుగు దాటింది. "గీ నాలుగు నిమిషాలు కోస్తెనే సీడీ అయితది టీచర్. లేకుంటే మొత్తం పోతది," అంది నస్రీన్. కోయొద్దన్నాను. ఇంకో డిస్కు తెప్పించమన్నాను. నిజామాబాద్ నుంచి తేవాలి, పెళ్లివాళ్లు దారిలో ఉన్నారు.

"కొయ్యి అక్కా," అంది లావణ్య. "నాకు అమ్మ మాటలు గావాలె." తర్వాత నా వైపు చూడకుండా అంది. "బొంత కప్పిపోయింది గద పెద్దమ్మా. ఇగ గా ఖాళీ అర్రల ఆమెకేం పనున్నది?"

నస్రీన్ కోసింది. మిగతా ముప్పై ఎనిమిది నిమిషాలు ఎక్కడా ఆగకుండా ఎక్కాయి. ఆరు గంటలకు డిస్కు తుడిచేసింది.

ఆ తర్వాత తెలిసినవాళ్లను అడిగాను. క్యాసెట్ మీద అంతకుముందు తీసిన దాని ఛాయ అన్నారొకరు. క్యాసెట్ కొత్తది, అట్ట మీది సీలు కాగితం ఆ వేడుక రోజున నేనే చింపాను. కంప్యూటర్ తప్పు అన్నారింకొకరు. కంప్యూటర్ తప్పు కుడికాలే ఎందుకు ఈడుస్తుందని అడిగాను.

చివరికి గళ్లు గీసి లెక్క వేసుకున్నాను. పోయినవి: క్యాసెట్ ఒకటి. అందులో నాలుగు నిమిషాలు. చెల్లెలు ఒకతె, ఆమెను 1995లోనే తీసేశాను. ఆ సాయంత్రం కోతతో ఆమెను రెండోసారి తీసేశామా లేదా అన్నది తేలక, ఆ గడి ఖాళీగా వదిలాను.